హీబ్రూ పవిత్ర గ్రంథం చేతికి వస్తే: ఆ మతస్థులు కానివారు పాటించవలసిన పద్ధతి

బైండింగ్ పని చేసేవాడి బల్ల మీదకు అన్ని మతాల పుస్తకాలూ వస్తాయి. తిరుపతి గాంధీ రోడ్డుకు దగ్గరలో ఉన్న మా చిన్న దుకాణంలో అట్టలు ఊడిన భాగవతాలు, చెదలు కొట్టిన పంచాంగాలు, ఖురాన్లు, బైబిళ్లు, పసుపు మరకలు పడిన వ్రతకథలు ఎన్నింటినో కుట్టాను గానీ, యూదుల పవిత్ర భాష హీబ్రూలో ఉన్న పుస్తకం మాత్రం ఒక్కసారే వచ్చింది. ఇంటికొకరు కువైట్‌కు వెళ్లిన ఊళ్లు మా ప్రాంతంలో కొల్లలు. ఇజ్రాయెల్‌కు వెళ్లినవారు తక్కువ. అక్కడ ఒక ముసలావిడకు చివరిదాకా సేవ చేసి తిరిగి వచ్చిన పుత్తూరు వైపు ఆడమనిషి ఒకామె, తువ్వాలులో చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది ఆ అవ్వ రోజూ చదువుకున్న పుస్తకం, పోయేముందు నాకిచ్చింది, అట్ట ఊడిపోతా ఉండాది, జాగర్తగా కుట్టియ్యాల" అని చెప్పింది. పుస్తకంతోపాటు వేలెడు పొడవున్న ఒక లోహపు డబ్బీ కూడా ఉంది. అది తాయెత్తులాంటిదేమో అని ఆమె అనుమానం.

నేను యూదుణ్ని కాను. గుడికి వెళ్లే అలవాటు కూడా లేనివాణ్ని. తిరుపతిలో ఉంటూ ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లకే నచ్చదు. అయినా, ఎదుటివారు ప్రాణంగా చూసుకున్న వస్తువు మన చేతిలో ఉన్నంతసేపు దాన్ని వారి పద్ధతిలోనే చూడాలన్నది నేను ఈ వృత్తిలో పెట్టుకున్న కట్టుబాటు. ఆ పుస్తకం కోసం ఆమె చేత ఇజ్రాయెల్‌లో ఉన్న ఆ అవ్వ కూతురికి ఫోన్ చేయించి అడిగి, తరువాత చదివి తెలుసుకున్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను. యెరూషలేము యాత్రకు వెళ్లి వచ్చినవారి ఇళ్లలోనూ, పాత పుస్తకాల కట్టల్లోనూ ఇటువంటివి దొరకవచ్చు కనుక, ఇది ఎవరికైనా పనికి వస్తుంది.

ముందుగా, అది హీబ్రూ అవునో కాదో, ఏది పైవైపో తెలియాలి

మన వైపు ఉర్దూ బోర్డులు చూసి పెరిగినవారికి, కుడి నుంచి ఎడమకు నడిచే రాత కనబడితే అది ఉర్దూయో అరబీయో అనిపించడం సహజం. తేడా సులువుగానే తెలుస్తుంది. ఉర్దూ అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారి కలిసిపోతాయి. అచ్చు హీబ్రూలో అక్షరాలు దేనికది విడిగా, నలుచదరంగా, ఒక గీతకు వేలాడదీసినట్టుగా నిలబడతాయి. మొత్తం 22 అక్షరాలు, వాటిలో ఐదింటికి మాట చివర వచ్చినప్పుడు వేరే రూపం ఉంటుంది. ఆ అక్షరాల పేర్లు మనకు పూర్తిగా కొత్తవేమీ కావు. తెలుగు బైబిలులో 119వ కీర్తన తెరిచి చూస్తే, ఎనిమిదేసి వచనాలకు ఒకటి చొప్పున ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అంటూ ఆ 22 పేర్లూ వరుసగా కనబడతాయి.

కాగితం తలకిందులుగా పట్టుకున్నామో లేదో తెలుసుకోవడానికి లామెద్ అనే అక్షరం చాలు. వరుస గీతను దాటి మెడ పైకి చాచే అక్షరం అదొక్కటే. తక్కినవన్నీ గీత కిందే ఉంటాయి, కొన్ని మాత్రం తోక కిందికి దించుతాయి. పుటలో అక్కడక్కడ మెడలు పైకి లేచి కనబడితే సరిగానే పట్టుకున్నట్టు.

పుస్తకం తెరిచే వైపు కూడా మనకు తిరగబడి ఉంటుంది. వెన్ను కుడిచేతి వైపు ఉండేలా పెట్టుకుంటే మొదటి పుట పైన ఉంటుంది. ఈ సంగతి తెలియకనే నేను మొదటి రోజు ఫారాలన్నీ, అంటే మడిచి కుట్టిన పుటల కట్టలన్నీ, విడదీసి, చివరి పుటను మొదటిదిగా లెక్కపెట్టి, పెన్సిలుతో గుర్తు కూడా పెట్టేశాను. ఆ వరుసలోనే కుట్టి ఉంటే, అట్ట మీది బంగారు అక్షరాలు వెనక్కి పోయేవి, పుస్తకం మొత్తం చివరి నుంచి మొదలయ్యేది. అంకెలను చూసి అనుమానం వచ్చి ఆగాను. పవిత్రత సంగతి అటుంచి, పనివాడిగా కూడా అది సిగ్గుపడవలసిన తప్పు.

హీబ్రూలో ఉన్నదంతా పవిత్రం కాదు

ఇజ్రాయెల్ నుంచి వచ్చిన పెట్టెలో మందుల చీటీలు, బిస్కెట్ల పొట్లాలు, బస్సు టికెట్లు, జీతపు రసీదులు, అన్నీ హీబ్రూలోనే ఉంటాయి. వాటిని పారేయవచ్చు. భాష పవిత్రమైనంత మాత్రాన కరెంటు బిల్లు పవిత్రం కాదు. మన దగ్గర సంస్కృతంలో రాసిన ప్రతిదీ వేదం కానట్టే. అచ్చుల గుర్తులుగా అక్షరాల కింద చుక్కలు, గీతలు ఉంటే అది ప్రార్థన పుస్తకమై ఉండవచ్చు, కానీ పిల్లల పుస్తకాలకూ కవిత్వానికీ కూడా ఆ చుక్కలు పెడతారు కనుక అదొక్కటే చూసి తేల్చరాదు.

తేల్చేది దేవుని నామం. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం చెరపకూడని నామాలు ఏడు. ఎల్, ఎలోహీం, షద్దాయ్ వంటివి వాటిలో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది యోద్, హే, వావ్, హే అనే నాలుగు అక్షరాల నామం. తెలుగు బైబిలులో యెహోవా అని కనబడేది దానికి బదులుగానే. యూదులు ఆ నాలుగు అక్షరాలను ఉన్నవున్నట్టు ఉచ్చరించరు. ప్రార్థనలో అదోనాయ్ అని, మామూలు మాటల్లో హషేమ్ అని, అంటే "ఆ నామము" అని, అంటారు. దయామయుడు, మహనీయుడు వంటి గుణవాచకాలను చెరపవచ్చు గానీ ఈ ఏడింటిని చెరపరాదని 12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే యూదు పండితుడు తన ధర్మశాస్త్ర గ్రంథంలో విడమరిచి చెప్పాడు. దీనికి మూలం ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయం: అన్యదేవతల పేర్లను తుడిచివేయమని చెప్పి, మీ దేవుని విషయంలో అలా చేయవద్దని అక్కడ ఉంటుంది.

యోద్ అంటే వరుసకు పైన వేలాడే కామా అంత చిన్న అక్షరం. హే అంటే పైకప్పు, కుడి గోడ ఉండి, ఎడమ గోడ మాత్రం పైకప్పుకు అంటకుండా కాస్త ఎడం వదిలిన చిన్న పందిరిలాంటిది. వావ్ నిలువు కర్ర. ఈ మూడు గుర్తులు తెలిస్తే కుడి నుంచి ఎడమకు కామా, పందిరి, కర్ర, పందిరి అని నాలుగు అక్షరాల నామాన్ని పుటలో ఎక్కడున్నా పట్టుకోవచ్చు. చాలా ప్రార్థన పుస్తకాల్లో దానికి బదులు రెండు యోద్‌లు పక్కపక్కన అచ్చు వేస్తారు. ఇక ఉత్తరాల మీద, పెళ్లి పిలుపుల మీద, పైన ఒక మూలన బేత్, సామెహ్, దాలెత్ అని మూడు అక్షరాలు కనబడితే అది మనవాళ్లు పైన "శ్రీరామ" అని రాసుకోవడం లాంటిది. "దైవసహాయంతో" అని దాని అర్థం. తేడా ఏమిటంటే, ఆ ఉత్తరాన్ని తరువాత పారేసినా దోషం లేకుండా ఉండేందుకే వారు అందులో దేవుని నామాన్ని రానివ్వరు. ఇంత ముందుచూపు ఉన్న మతాన్ని చూస్తే వృత్తిరీత్యా నాకు ముచ్చట వేసింది.

ఏదీ తేల్చుకోలేకపోతే పవిత్రమేననుకుని పక్కన పెట్టడం మంచిది. దానివల్ల పోయేదేమీ లేదు.

పట్టుకోవడం, పెట్టడం

మడి, మైల, ముట్టు అనే మాటల మధ్య పెరిగిన మనకు మొదట వచ్చే భయం, "మనం ముట్టుకోవచ్చా?" అన్నది. పుత్తూరు ఆమెకూ అదే భయం. నెలసరి రోజుల్లో ఆ పుస్తకాన్ని పెట్టెలోంచి తీయలేదని చెప్పింది. ఈ విషయంలో మైమోనిడిస్ మాట స్పష్టంగా ఉంది: తోరా చుట్టను, అంటే మోషే ఐదు కాండాలను చేత్తో రాసిన చర్మపు చుట్టను, ఏ మైలలో ఉన్నవారైనా, బహిష్టులో ఉన్న స్త్రీలైనా, యూదులు కానివారైనా పట్టుకోవచ్చు, చదవవచ్చు, చేతులు మాత్రం మురికిగా ఉండకూడదు. తోరా మాటలకు మైల అంటదన్నది వారి సిద్ధాంతం. కనుక స్నానం చేసి మడి కట్టుకోవలసిన పని లేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరిన తరువాత ముట్టుకుంటే చాలు. ఆమెకు ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనబడిన ఊరటను చూశాక, ఇది రాయాలని అనిపించింది.

అయితే చేత్తో రాసిన చర్మపు చుట్ట సంగతి వేరు. యూదులు కూడా తోరా చుట్ట లోపలి చర్మాన్ని ఉత్త చేత్తో ముట్టరు; చదివేటప్పుడు వరుస వెంట పోవడానికి కొసన చేతి ఆకారం ఉన్న పుల్లను వాడతారు, ఎత్తేటప్పుడు రెండు కర్రలను పట్టుకుంటారు. మీ చేతికి అటువంటిది వస్తే శుభ్రమైన నూలు గుడ్డ అడ్డం పెట్టుకుని, అంచులను మాత్రమే పట్టుకోవాలి.

అచ్చు పుస్తకానికి పాటించవలసినవి చాలావరకు మన ఇళ్లలో పుస్తకాలకు పాటించేవే. నేల మీద పెట్టకూడదు, మరుగుదొడ్డిలోకి తీసుకుపోకూడదు, తెరిచి బోర్లించకూడదు, తెరిచి వదిలేసి లేచి పోకూడదు, కళ్లజోడో టీ గ్లాసో దాని మీద ఆనించకూడదు, కూర్చున్న బల్ల మీదే పక్కన పడేయకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చవలసి వస్తే మోషే ఐదు కాండాలున్న పుస్తకం అన్నిటికన్నా పైన, దాని కింద ప్రవక్తల గ్రంథాలు, కింద తక్కినవి. జారి కింద పడితే యూదులు వెంటనే తీసి ముద్దు పెట్టుకుంటారు. మీరు ముద్దు పెట్టుకోనక్కరలేదు. వెంటనే తీసి పైన పెడితే చాలు. కాలు తగిలితే కళ్లకు అద్దుకునే మన అలవాటు తనంతట తానే వచ్చేస్తే దానికి సిగ్గుపడవలసిందీ లేదు.

మరమ్మతు చేయవలసి వస్తే

ఆ అవ్వ పుస్తకాన్ని వారు సిద్దూర్ అంటారు, అంటే రోజువారీ ప్రార్థనల వరుస. అచ్చు కాగితం, యంత్రపు కుట్టు, దారం తెగి మొదటి మూడు ఫారాలు వదులైపోయాయి. ఇటువంటి పుస్తకాన్ని యూదుడు కాని బైండరు కుట్టవచ్చా అని అడిగితే, ఆ కూతురు ఫోనులో నవ్వి, "చక్కగా కుట్టండి, ముక్కలు మాత్రం చెత్తలో వేయకండి" అని చెప్పిందట. ఆ ఒక్క మాట మీదే పని మొత్తం తిరిగింది.

మా పనిలో ముక్కలు పడే చోట్లు రెండు. ఒకటి, పాత వెన్నుకు అంటిన జిగురును గీకినప్పుడు దానితో లేచి వచ్చే కాగితపు పేలికలు. రెండోది కటింగ్ మిషన్. కుట్టు అయ్యాక మూడు వైపులా అంచులు సమంగా కోయడం మా చేతికి అలవాటు, కోసిన పీలికలు గోనెసంచిలోకి, అక్కడి నుంచి కిలోల లెక్కన పాత కాగితాలవాడికి పోతాయి. ఈ పుస్తకంలో కొన్ని పుటల్లో రాతకూ కాగితపు అంచుకూ మధ్య వేలి మందం ఖాళీ కూడా లేదు. ఒక్క నూలువాసి ఎక్కువ కోసినా పుట పైన ఉన్న శీర్షికలో అక్షరాలు తెగిపోయేవి. అందువల్ల కోయడమే మానేశాను. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే ఉన్నాయి. చేత్తో తట్టి సరిచేసి, అలాగే అట్ట వేశాను. గీకినప్పుడు వచ్చిన పేలికల్లో అక్షరం ముక్క ఉన్నవాటిని వేరే కవరులో వేసుకున్నాను. వరుస సరిచూసుకోవడానికి రెండు పుటలు జిరాక్స్ తీయించిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. కాగితం మీద నామం పడ్డాక అది జిరాక్స్ అయినా పవిత్రమే కనుక అవి కూడా ఆ కవరులోకే వెళ్లాయి. అవసరం లేకుండా జిరాక్స్ తీయకపోవడం మేలని అలా నేర్చుకున్నాను. ఫోనులో ఫొటో తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. తెర మీది అక్షరం నిలిచే రాత కాదు కనుక దాన్ని తీసివేయడం చెరపడం కిందికి రాదని వారి పండితుల్లో ఎక్కువమంది అంటారు.

చిరిగిన పుటలకు సెల్లో టేపు వేయవద్దు. రెండేళ్లకు అది పసుపు పచ్చబడి, ఊడిపోతూ అక్షరాన్ని కూడా పట్టుకుపోతుంది. మైదా గంజి పల్చగా కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, సన్నని కాగితపు పీలికను అక్షరాల మీదకు పోకుండా అంటించాలి. లామినేషన్ అసలు వద్దు. ఆ పుస్తకంలో ఒకచోట నాలుగైదు పుటల మీద ఎర్రని మరకలున్నాయి, పస్కా పండుగ రాత్రి ద్రాక్షారసమై ఉంటుందని ఆమె చెప్పింది. వాటిని తుడవమంటారా అని అడగనైనా అడగలేదు నేను. మా అమ్మ వ్రతకథ పుస్తకం మీది పసుపు మరకలను ఎవరైనా తుడుస్తానంటే నేను ఒప్పుకుంటానా?

చర్మం మీద చేత్తో రాసినదైతే మరమ్మతుకు పూనుకోకూడదు. ఇక్కడ మాత్రం కచ్చితంగా ఉండాలి. తోరా చుట్టలో 3,04,805 అక్షరాలుంటాయని లెక్క. వాటిలో ఒక్కటి చెదిరినా, ఒకదానికొకటి అంటుకున్నా, సరిచేసేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. సరిచేయవలసినవాడు సోఫేర్ అనే శిక్షణ పొందిన లేఖకుడే. ద్వారబంధానికి బిగించే మెజూజా (దాని సంగతి కింద చెబుతాను) వంటి వాటిలో అక్షరాలన్నీ మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాసి తీరాలి కనుక, మధ్యలో పోయిన అక్షరాన్ని తరువాత పూరించడానికి సోఫేర్‌కు కూడా వీలుండదు. పెన్నుతో దిద్దిపెడదామన్న మంచి మనసు ఆ వస్తువును శాశ్వతంగా పాడుచేస్తుంది.

ఇంకొక హెచ్చరిక, తిరుపతిలో ఉన్నాం కనుక. వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్న ఊరు ఇది. తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాయడం, అక్షరాలు తేలడానికి మసి పులమడం తెలిసినవారు ఇక్కడ దొరుకుతారు. ఆ వైద్యం తాటాకుకు. తాటాకు మీద అక్షరం గంటంతో చెక్కినది, తుడిస్తే పోదు. చర్మం మీద అక్షరం పైన నిలిచిన సిరా పొర మాత్రమే, ముడత పడితే పెళుసుగా రాలిపోతుంది. నూనె, నీరు, ఇస్త్రీ ఏవీ దగ్గరికి రానివ్వకూడదు. చర్మం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు బిగిసి వంకర పోతుంది కనుక, కార్తీకం వానల్లో గోడ బీరువాలోనూ, మే నెలలో రేకుల కప్పు కిందా పెట్టకుండా, నూలు గుడ్డలో చుట్టి గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచాలి. మాటిమాటికీ విప్పి చూపించవద్దు.

ఆ లోహపు డబ్బీ

దాని వెనుక సన్నని మూత జరిపితే లోపల చుట్టిన చిన్న చర్మపు ముక్క ఉంది. దాన్ని విప్పలేదు, చుట్ట వెలుపలి వైపున షద్దాయ్ అన్న నామం కనబడింది, అంతే చాలు గుర్తుకు. అది మెజూజా. లోపల ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాల నుంచి రెండు భాగాలు, "ఇశ్రాయేలూ, వినుము" అని మొదలై, 22 వరుసల్లో 713 అక్షరాలుగా ఉంటాయి. యూదుల ఇంట్లో లోపలికి పోయేటప్పుడు కుడివైపు వచ్చే ద్వారబంధానికి దాన్ని బిగిస్తారు.

చూడడానికి రాగిరేకు చుట్టిన తాయెత్తులాగే ఉంటుంది కాబట్టి, పిల్లవాడి మొలతాడుకు కట్టాలని ఎవరికైనా అనిపించడంలో వింత లేదు. కానీ అది దిష్టికి కట్టేది కాదు, ఆ ఇంటివారు తమ మీద ఉన్న ఆజ్ఞను నెరవేర్చడానికి పెట్టుకునేది. యూదులు ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు తరువాత వచ్చేవారు యూదులైతే దాన్ని అలాగే వదులుతారు, కాకపోతే విప్పి తీసుకుపోతారు. ఈ నియమాన్ని బట్టి చూస్తే మన గుమ్మానికి దాన్ని బిగించడం ముచ్చటగా కనబడినా సరైనది కాదన్నది నా అభిప్రాయం. విప్పకుండా దాచి, తెలిసిన యూదులకు అందజేయడమే మంచిది. లోపల చర్మానికి బదులు అచ్చు కాగితం ఉన్న చవక రకాలు కూడా అమ్ముతారు; వారి లెక్కలో అది చెల్లదు, అయినా నామం ఉన్నది కనుక పారేయకూడదు. నల్లని తోలు పట్టీలతో రెండు చిన్న నల్లని పెట్టెలు దొరికితే అవి తెఫిల్లీన్, ప్రార్థనప్పుడు నుదుటి పైనా చేతికీ కట్టుకునేవి. వాటి లోపలా ఇటువంటి చర్మపు చుట్టలే ఉంటాయి కనుక పెట్టెల కుట్టు విప్పవద్దు.

మన భక్తి వారికి వద్దు

ఇది చెప్పడం కొంచెం ఇబ్బందే. పవిత్రమైన వస్తువు అనగానే మన చేతులు పసుపు కుంకుమల వైపు పోతాయి. పుత్తూరు ఆమె అట్ట మీద సన్నగా గంధం బొట్టు పెట్టి తెచ్చింది. ఎంత ప్రేమతో పెట్టిందో నాకు తెలుసు, ఆ అవ్వ ఉంటే బహుశా ఏమీ అనేది కాదు. కానీ రాసిన వస్తువును పూజించడం వారి మతం ఒప్పుకోని పని. గౌరవం అక్షరానికి, ఆరాధన దేవుడికి. ఆ రెండింటినీ వారు కలపరు. కాబట్టి దేవుడి గదిలో పటాల వరుసలో పెట్టడం, అగరువత్తి, హారతి, పూలదండ, ఇవేవీ వద్దు. పైగా అగరుబత్తి పొగ, కర్పూరపు మసి కాగితానికీ మంచివి కావు. శుభ్రమైన పుస్తకాల అలమరలో, మంచి పుస్తకాల మధ్య పెడితే అదే దానికి తగిన చోటు.

ఆ నాలుగు అక్షరాలను అలంకారంగా వాడుకోవడం కూడా ఇప్పుడు మన వైపు పెరిగింది. సభల ఫ్లెక్సీల మీద, కారు అద్దాల మీద, సంచుల మీద అచ్చు వేయిస్తున్నారు. వేయించేవారి విశ్వాసాన్ని నేను తప్పుపట్టడం లేదు. సభ అయిపోయాక ఆ ఫ్లెక్సీ ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు: పశువుల కొట్టం మీదకో, గడ్డివాము మీదకో, వేరుశనగ ఆరబోసే నేల మీదకో పోతుంది. ఆ నామాన్ని నిజంగా గౌరవించదలచినవారు దాన్ని పారేయక తప్పని వస్తువు మీద వేయించకుండా ఉంటే సగం సమస్య తీరుతుంది.

కొనుక్కోవడం గురించి ఒక్క మాట. పాత తోరా చుట్టల నుంచి కోసిన ముక్కలని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మేవారున్నారు. అసలు తోరా చుట్టలో బొమ్మలుండవు, అచ్చులను సూచించే చుక్కలుండవు. దీపస్తంభపు బొమ్మ, బంగారు అంచులు ఉన్నదాన్ని తోరా అంటే నమ్మనక్కరలేదు. నిజమైన ముక్కే అయితే, కోసి అమ్మినవాడికి డబ్బిచ్చి ఆ కోతను ప్రోత్సహించడం అవుతుంది.

పనికిరాకుండా పోయినప్పుడు

పాతబడిన స్వామి క్యాలెండర్లను, చినిగిన పటాలను రావిచెట్టు మొదట్లో పెట్టడమో, పారే నీటిలో వదలడమో మనకు తెలిసిన పద్ధతి. కొందరు దహనం చేయడమే గౌరవమనుకుంటారు. హీబ్రూ పుటలకు నీరు, నిప్పు రెండూ కూడవు. రెండూ నామాన్ని చెరిపేవే. వారి పద్ధతి దాచడం, తరువాత పాతిపెట్టడం. ఇలా పక్కన పెట్టిన పుటలను షేమోత్ అంటారు, అంటే "నామాలు"; దాచే చోటును గెనిజా అంటారు. పాడైన తోరా చుట్టను మట్టికుండలో పెట్టి, పండితుడి సమాధి పక్కన పాతిపెట్టాలని తల్ముదు అనే వారి ప్రాచీన ధర్మగ్రంథంలో ఉంది.

ఈ అలవాటు వల్లనే కైరో పాతబస్తీ అయిన ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరపు గదిలో శతాబ్దాల పాటు కాగితాలు పేరుకున్నాయి. 1896-97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు అక్కడి నుంచి కేంబ్రిడ్జికి తరలించిన తునకలే 1,90,000 పైన ఉన్నాయి. ఆ ఊరివాళ్లు హీబ్రూ అక్షరాలున్న ఏ కాగితాన్నీ పారేయలేదు కాబట్టి, మైమోనిడిస్ స్వదస్తూరీతో పాటు 12వ శతాబ్దంలో మన మంగళూరులో వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదుడి ఉత్తరాలు కూడా అందులోంచి బయటపడ్డాయి. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉన్న సంకీర్తన భాండాగారపు అరలో అన్నమయ్య రాగిరేకులు అన్ని తరాలపాటు మౌనంగా పడి ఉన్న సంగతి తెలిసినవారికి ఈ కథ దూరమైనదిగా అనిపించదు.

ఇక మనం చేయవలసింది. అన్నిటికన్నా మంచిది యూదుల ప్రార్థనామందిరానికి అందజేయడం. కొచ్చిలో 1568 నాటి పరదేశి మందిరం ఉంది. ముంబై, పుణె, కోల్‌కతా, ఢిల్లీలలో కూడా మందిరాలున్నాయి. మన రాష్ట్రంలోనే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో యూదు ఆచారాలను పాటించే తెలుగువాళ్లున్నారు. ముందుగా అడగకుండా పార్శిల్ పంపించవద్దు. విదేశానికి పంపాలంటే, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు కనుక, అనుమతి సంగతి చూసుకోకుండా కొరియర్‌లో వేయరాదు.

ఎవరికీ అందజేయలేని నాలుగు చినిగిన పుటలైతే, రెండు కవర్లలో చుట్టి, మట్టికుండలో పెట్టి మూత బిగించి, సొంత స్థలంలో ఎవరూ తొక్కని, తిరిగి తవ్వని చోట, మోకాలి లోతుకు తగ్గకుండా పాతిపెట్టవచ్చు. మురుగు గుంటకు, పెంటకుప్పకు దూరంగా ఉండాలి. మంత్రం ఏదీ చదవనక్కరలేదు.

మెజూజాను పుత్తూరు ఆమె మళ్లీ పనికి వెళ్తున్న తన స్నేహితురాలి చేత ఆ కూతురికే పంపించింది. సిద్దూర్ ఆమె దగ్గరే ఉంది. నీలం క్యాలికో గుడ్డ అట్ట వేసి, వెన్నును కుడివైపే ఉంచి ఇచ్చాను. పేలికలు, జిరాక్స్ కాగితాలు ఉన్న కవరు మాత్రం కొచ్చి వెళ్లేవాళ్ల కోసం మా దుకాణం పై అరలో ఎదురుచూస్తోంది. దాని మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించాను: "ఇది చిత్తుకాగితం కాదు. యూదుల ప్రార్థన పుటలు. అమ్మవద్దు, కాల్చవద్దు." మీరు దాచినదాని మీద కూడా అలా రాసి పెట్టండి; మన తరువాత అరలు సర్దేవాళ్లకు హీబ్రూ రాదు కదా.